గుప్పెడు గింజలు: ‘ఎలుకబోను’ వ్యాఖ్యతో

మూలం

ఆ.వె.
కోడిగూటి చెంత గుప్పెడు గింజలు
రాత్రి విడిచిపెట్టి రంధ్రమేల
మూయ? పిల్లినేల ముద్దుగా బెంచంగ?
ఎలుక తప్పదేమి యిల్లు పిలువ?

అవతారిక

పెరట్లో నాలుగు కోళ్లున్న ఇంట ఏదో ఒక రాత్రి ఈ పద్యానికి సందర్భం వచ్చి తీరుతుంది. గూటి కింద సన్నగా గీకుడు వినిపిస్తుంది. టార్చి వేస్తే గోడ వారగా ఒక తోక జారిపోతుంది. తెల్లవారేసరికి అరుగు మీద సభ. ఇంటాయన కన్నాలన్నీ సిమెంటుతో పూడ్చాలంటాడు. బావమరిది పిల్లిని తెచ్చి పెడతానంటాడు. పక్కింటాయన తన చేలో పనిచేసిన మందు పేరు చెబుతాడు. కాలేజీ కుర్రాడు, మనిషి చెవికి వినబడని శబ్దంతో ఎలుకల్ని తరిమే యంత్రాన్ని ఫోనులో చూపించి, రేపటికల్లా వచ్చేస్తుందంటాడు. సభలో నోరు మెదపని మనిషి ఒక్కతే. ఆవిడ ఆ సమయానికి గూటి కింద చీపురుతో ఊడుస్తూ ఉంటుంది. ఈ పద్యం ఆవిడ పక్షం.

కర్త ఎవరో పద్యంలో లేదు. మకుటం కూడా లేదు. ఉన్న మకుటాన్ని ఎలుకలే కొట్టేశాయని ఒక సంప్రదాయం. అయితే అంతస్సాక్ష్యం బలంగా ఉంది. మేత గిన్నెను రోజూ చేత్తో ఎత్తని వాళ్లకు ‘గుప్పెడు’ అన్న కొలత తట్టదు. ఊడ్చని వాళ్లకు ‘చెంత’ అన్న చోటు కనబడదు. కాబట్టి కర్త స్త్రీ అని, కాకుంటే స్త్రీలకు వదిలేసిన పని చేసిన పురుషుడని, ఆ రెండో జాతి అరుదు కనుక స్త్రీయేనని మా సిద్ధాంతం.

మెదక్ సీమలోని కోలాచల వంశపు మల్లినాథసూరి, మూలంలో లేనిదేదీ రాయననీ, అక్కరలేనిదేదీ చెప్పననీ వ్యాఖ్యానానికి ముందే మాట ఇచ్చాడు. కాళిదాసు కావ్యాలకు అది చెల్లింది. ఎలుకల విషయంలో మూలం కన్నం లోపల ఉంటుంది కాబట్టి ఈ వ్యాఖ్యాత కొంత తవ్వక తప్పదు.

పాఠాంతరం

మొదటి పాదంలో ‘గుప్పెడు’కు బదులు ‘గంపెడు’ అని కొందరు చదువుతారు. గణం సరిపోతుంది గానీ యతి చెడుతుంది. ‘కో’కు ‘గు’ మైత్రి గలది, ‘గం’ కాదు. యతి పోతే పోయిందనుకున్నా అర్థం నిలవదు. గంపెడు గింజలు పెరట్లో పారేసి పడుకునే సంసారి ఎక్కడా లేడు. గుప్పెడు మాత్రం అందరూ వదిలేస్తారు. వదిలేసి, వదల్లేదని ప్రమాణం కూడా చేస్తారు. కాబట్టి ‘గుప్పెడు’ అన్నదే గ్రాహ్యం.

ప్రతిపదార్థం, వివరణతో

కోడిగూటి చెంతన్ = కోడిగూటి దగ్గర. గూటిలోన అనలేదు, చెంత అంది. కోడికి పద్ధతిగా తినడం రాదు. ముక్కుతో ఎగజిమ్ముతుంది, కాళ్లతో కెలుకుతుంది, నచ్చిన గింజ కోసం నచ్చని పది గింజల్ని అవతలికి తోస్తుంది. అందుచేత గిన్నెలో ఎంత మిగిలిందన్నది లెక్క కాదు. గిన్నె చుట్టూ మూరెడు మేర ఎంత రాలిందన్నదే లెక్క. గిన్నె అంచు కోడి వీపు ఎత్తుకు వచ్చేలా వేలాడగట్టి, మూడో వంతుకు మించి నింపకుండా ఉంటే ఈ రాలుడు బాగా తగ్గుతుంది. ‘చెంత’కు ఇంకో ప్రయోజనమూ ఉంది. చిట్టెలుక మేత కోసం దూరం నడవదు. దాని రాజ్యం మామూలుగా పది గజాలకు లోపే. మేత దగ్గర చిట్టెలుక కనబడిందంటే దాని కాపురం కూడా అక్కడే, కట్టెల మోపులోనో, మడిచి పడేసిన గోనెల్లోనో, గూటికీ ప్రహరీకీ మధ్య వదిలిన జానెడు సందులోనో ఉన్నట్టు. ఎక్కడినుంచో వచ్చిందనుకోవడం మన గౌరవం కోసం మనం చెప్పుకునే మాట.

గుప్పెడు = ఒక గుప్పిట పట్టినంత. ఇది అల్పత్వాన్ని సూచించే పదమని పైపైన చదివేవారు అనుకుంటారు. లెక్క కట్టి చూద్దాం. మనిషి గుప్పిట్లో రమారమి 40 గ్రాముల నూకలు పడతాయి. చిట్టెలుక రోజుకు తినేది 3 గ్రాములు. అంటే ఒక గుప్పెడు వదిలితే 13 చిట్టెలుకలు కడుపు నిండా తిని, మూతి తుడుచుకుని వెళతాయి. రోజుకు 100 గ్రాములు తినే కోడి ఒక్కటి ఎంతో, ముప్పై చిట్టెలుకలు అంత. ఇంట్లో అయిదు కోళ్లే ఉన్నాయనుకునే వాళ్లు కొందరు నిజానికి ఆరు కోళ్లను మేపుతున్నారు; ఆరోది గుడ్డు పెట్టదు.

గింజలు = నూకలు, తవుడు కలిపిన ముద్ద, జొన్నలు, సజ్జలు, చోళ్లు, మొక్కజొన్న రవ్వ, దుకాణంలో కొన్న దాణా. హైదరాబాదు రాజేంద్రనగర్ పరిశోధన సంస్థ పెరటి పెంపకానికి తయారుచేసిన వనరాజ, గ్రామప్రియ వంటి జాతులైనా, తాతల నాటి నాటుకోడి అయినా ఎలుకకు భేదం లేదు. అది కోడి జాతిని చూడదు, గిన్నెను చూస్తుంది. గోదావరి జిల్లాల్లో సంక్రాంతి పుంజుల గూళ్ల దగ్గర ఈ పదానికి అర్థం ఇంకా విస్తరిస్తుంది: అక్కడ గింజలంటే బాదం, జీడిపప్పు. ఏ రంగు పుంజు ఏ వారం నాడు నెగ్గుతుందో, డేగ పుంజుకు కాకి పుంజు లొంగుతుందో లేదో కుక్కుటశాస్త్రం చెబుతుంది. ఆ పుంజు వదిలేసిన జీడిపప్పు మీద ఎవరు నెగ్గుతారో చెప్పడానికి శాస్త్రం అక్కర్లేదు.

రాత్రిన్ = చీకటి పడ్డాక. ఈ పదం పద్యానికి ఇరుసు. కోడికి రేచీకటి. పొద్దు వాలగానే దండెం ఎక్కి కూర్చుని, మళ్లీ వెలుగు వచ్చేదాకా ఒక్క గింజ ముట్టదు. రాత్రికి అవసరమైనంత మేతను మెడ కింది సంచిలో ముందే నింపుకుని మరీ ఎక్కుతుంది. ఎలుక పని మొదలయ్యేదే అప్పుడు. కాబట్టి రాత్రి గిన్నెలో ఉన్న మేత కోడిది కాదు. ‘పాపం, రాత్రి ఆకలేస్తుందేమో’ అని గిన్నె నింపి పెట్టే దయామయులు ఈ దానం ఎవరికి ముడుతున్నదో ఒకసారి టార్చి వేసి చూసుకోవాలి.

విడిచిపెట్టి = వదిలేసి. ‘మరచి’ అని రాసినా గణం సరిపోయేలా పాదాన్ని కూర్చుకోవచ్చు, కవయిత్రి కూర్చుకోలేదు. మరపు క్షమించదగినది. విడవడం తెలిసి చేసేది. నడుం వంచాలి, గిన్నె ఎత్తాలి, రాలింది ఊడవాలి, మూత పెట్టాలి, ఇదంతా రేపు మళ్లీ చెయ్యాలి. ఆ చివరిదే అసలు కష్టం. సిమెంటు ఒకసారి పూస్తే అయిపోతుంది, పిల్లిని ఒకసారి తెస్తే అయిపోతుంది. గిన్నె మాత్రం ప్రతి సాయంత్రం తీయాల్సిందే. ఒక్కసారితో అయిపోయే పనికి ఇంట్లో పది మంది పెద్దలు దొరుకుతారు. రోజూ చేసే పనికి ఒక్కరే దొరుకుతారు, అదీ ఎవరో ఊరందరికీ తెలుసు.

రంధ్రము = కన్నం. దీని పరిమాణం గురించి లోకంలో పెద్ద భ్రమ ఉంది. పెన్సిలు దూరే సందులో చిట్టెలుక దూరుతుంది. 6 మిల్లీమీటర్లు చాలు. ఎలుక పిల్లకు 12 మిల్లీమీటర్లు చాలు. తల దూరితే ఒళ్లు దానంతటదే వస్తుంది. కోళ్ల గూళ్లకు బజారులో ‘కోళ్ల జాలీ’ అని అమ్మే ఆరు పలకల కళ్ల తీగ జాలీ కోడిని లోపల ఉంచడానికి పుట్టింది గానీ ఎలుకను బయట ఉంచడానికి కాదు. ఆ కళ్లలోంచి చిట్టెలుక నడుం కూడా వంచకుండా పోతుంది. కావలసింది పావు అంగుళం లోపు కళ్ల వెల్డ్ మెష్. పందికొక్కుకు ఇంకో ఉపాయం: గూటి గోడ పొడవునా ఆ జాలీనే అడుగు వెడల్పున బయటికి పరిచి మట్టి కప్పాలి. పందికొక్కు ఎప్పుడూ గోడ మొదట్లోనే తవ్వడం మొదలుపెడుతుంది. జాలీ తగిలితే, వెనక్కి వచ్చి అడుగు దూరంలో తవ్వాలన్న బుద్ధి దానికి పుట్టదు. మన ఇంజనీర్లకు ఆ ఊరట ఉంది.

మూయన్ ఏల = మూయడం ఎందుకు? మూయవద్దని అర్థం కాదు. ఇది క్రమాన్ని తప్పినందుకు అడిగిన ప్రశ్న. మేత బయట ఉండగా కన్నం మూస్తే ఎలుక పక్కన ఇంకో కన్నం చేసుకుంటుంది. దాని ముందు పళ్లు బతికినంతకాలం పెరుగుతూనే ఉంటాయి, కొరికి అరగదీసుకోవడం దానికి ప్రాణావసరం. మనం కన్నం మూసినప్పుడల్లా దానికి పళ్లు తోముకునే పుల్ల ఇచ్చినట్టే.

పిల్లిని ముద్దుగాన్ పెంచంగన్ ఏల = పిల్లిని గారాబంగా పెంచడం ఎందుకు? ‘ముద్దుగా’ యతి కోసం పడిందని కొందరి ఆక్షేపణ. యతి కోసమే అయితే ‘మురిపెంగ’ అనవచ్చు. ఇక్కడ ముద్దు సాభిప్రాయం. ఎలుకల కోసం తెచ్చిన పిల్లికి మూడో రోజు నుంచి పాలు, అయిదో రోజు నుంచి చేప తలకాయలు అందుతాయి. అది ఎలుకను పట్టదని కాదు; పడుతుంది, పట్టి గుమ్మంలో పెట్టి మెప్పు కూడా అడుగుతుంది. అయితే మేత పుష్కలంగా ఉన్న చోట అది పట్టిన దానికంటే పుట్టినవే ఎక్కువ. కోడి 21 రోజులు పొదిగి పిల్లల్ని లేపుతుంది. చిట్టెలుక ఇంచుమించు అదే మూడు వారాలు మోసి అయిదారు పిల్లల్ని పెడుతుంది. నాటుకోడి ఆ తర్వాత పిల్లల్ని వెంటేసుకుని నెలల తరబడి గుడ్డు మాటెత్తదు. చిట్టెలుక కన్న రోజో మర్నాడో మళ్లీ చూలు కడుతుంది. ఆ పిల్లలు ఆరు వారాలు దాటేసరికి చూలు కట్టే ఈడుకు వస్తాయి. ఈ లెక్కను పిల్లి ఎంత కష్టపడినా తీసివేయలేదు. పైగా దానికి కోడిపిల్లలంటే కూడా ముద్దే.

ఎలుక = జాత్యేకవచనం. ఇందులో ముగ్గురున్నారు. బియ్యపు గింజంత, మొనలు దేలిన పెంటికలు కనబడితే చిట్టెలుక. అంతకు రెండు మూడింతలు ఉంటే ఎలుక. పెంటికలతో పాటు పెరట్లో పొద్దున్నే కొత్త మట్టి కుప్ప కనబడితే పందికొక్కు. చిట్టెలుక గింజలతో తృప్తి పడుతుంది, మహా అయితే పగిలిన గుడ్డు నాకుతుంది. ఎలుక, పందికొక్కు అలా కాదు. గుడ్లు దొర్లించుకుపోతాయి, కోడిపిల్లల్ని ఎత్తుకుపోతాయి. స్వభావంలోనూ తేడా ఉంది. చిట్టెలుకకు కొత్త వస్తువంటే కుతూహలం, వెంటనే వచ్చి చూస్తుంది. ఎలుకకు కొత్త వస్తువంటే అనుమానం, రోజుల తరబడి చుట్టూ తిరిగి పోతుంది. బోను పెట్టిన మర్నాడే ‘మా ఎలుకలు తెలివైనవండీ, పడవు’ అని గర్వంగా చెప్పుకునే వాళ్లు తెలుసుకోవలసింది ఇదే. తలుపు పడకుండా కట్టేసి నాలుగు రోజులు బోనులో ఊరికే మేపితే తెలివి దానంతటదే పోతుంది.

తప్పదేమి = ఇక్కడ శ్లేష. ‘తప్పు, అది, ఏమి’ అని విడదీస్తే ఎలుక చేసిన తప్పేమిటి అని అర్థం. ‘తప్పదు, ఏమి’ అని విడదీస్తే ఎలుక రాక తప్పదు, అందులో వింతేమి అని అర్థం. మొదటిది న్యాయమూర్తి మాట, రెండోది వైద్యుడి మాట. రెండూ ఒకే ఇంటికి వర్తిస్తాయి కాబట్టి ఏదో ఒకటి ఎంచుకోమని పట్టుబట్టే పని లేదు.

ఇల్లు పిలువన్ = ఇల్లే పిలవగా. ఎవరు పిలిచారు? ఇంటాయనా? ఇంటావిడా? కవయిత్రి చాకచక్యంగా ఇంటి మీద వేసింది. సంసారం చేసే వాళ్లకు ఈ ఔచిత్యం వెంటనే బోధపడుతుంది.

అన్వయం

కోడిగూటి చెంత రాత్రి గుప్పెడు గింజలు విడిచిపెట్టి, రంధ్రం మూయడం ఏల? పిల్లిని ముద్దుగా పెంచడం ఏల? ఇల్లు పిలవగా (వచ్చిన) ఎలుక తప్పు అదేమి?

ఇతిహాస ప్రమాణం

ఈ అర్థానికి పరవస్తు చిన్నయసూరి నీతిచంద్రిక సాక్ష్యం. అందులో హిరణ్యకుడనే ఎలుక చూడాకర్ణుడనే సన్యాసి కొయ్యకు తగిలించిన భిక్షాపాత్ర మీదికి ఎగిరి, అందులో అన్నం తినిపోతుంటుంది. సన్యాసి కర్రతో బెదిరించడమే పనిగా పెట్టుకుంటాడు. అతని మిత్రుడు వీణాకర్ణుడు వచ్చి, ఇంత చిన్న ప్రాణికి అంత ఎత్తు ఎగిరే బలం ఊరికే రాదని గ్రహిస్తాడు. కన్నం తవ్వితే లోపల దాచుకున్న ధనం బయటపడుతుంది. ధనం పోయాక హిరణ్యకుడికి ఎగిరే సత్తువ పోతుంది. ఎలుకను కొట్టడం చూడాకర్ణుడి మార్గం. దాని బలం ఎక్కడినుంచి వస్తున్నదో చూసి దాన్ని తీసేయడం వీణాకర్ణుడి మార్గం. మన పెరళ్లలో చూడాకర్ణులకు కొదవ లేదు. నెల్లూరు సీమలో పొలాల గట్లు తవ్వి ఎలుకలు పట్టే యానాదులు కలుగులోంచి ఎలుకతో పాటు అది దాచిన వడ్లను కూడా బయటికి తీస్తారు. వీణాకర్ణుడి విద్య పుస్తకం అవసరం లేకుండానే వాళ్ల దగ్గర నిలిచి ఉంది.

శంకలు, సమాధానాలు

శంక: ఎలుక విఘ్నేశ్వరుడి వాహనం కదా, దానికి మేత తీసేయడం పాపం కాదా?

సమాధానం: స్వామి వాహనం ఒక్కటే. దాని బంధువులకు మనం విడిది ఇవ్వాలని ఏ కల్పంలోనూ లేదు. పైగా చంపడం పాపమనుకునే వాళ్లకు ఈ పద్యం చెప్పిన దారే శరణ్యం. ఇందులో బోను లేదు, మందు లేదు, జిగురట్ట లేదు. వడ్డించడం మానేస్తున్నాం, అంతే. చవితినాడు ఉండ్రాళ్లు ఎటూ ఉన్నాయి.

శంక: మందు పెడితే ఒక్క రాత్రిలో తేలిపోతుంది కదా?

సమాధానం: ఏమి తేలిపోతుందన్నదే ప్రశ్న. చేలో జరిగేది వేరు. అక్కడ ఊరంతా ఒక్కటై ఒకేసారి బ్రోమాడయోలోన్ ఎర పెట్టే సామూహిక కార్యక్రమాలను ఆంధ్రప్రదేశ్ వ్యవసాయ శాఖ నడుపుతోంది. ఒక్కరే పెడితే పక్క చేను ఎలుకలు వచ్చి ఖాళీ నింపుతాయి కాబట్టి ఆ కట్టు. ఇప్పుడు ఆ ఎర ఎలా చేస్తారో చూడండి: నూటికి 96 పాళ్లు నూకలు, 2 పాళ్లు నూనె, 2 పాళ్లు మందు. నూకలు! కోడికి వేసేదీ అదే, ఎలుక తినేదీ అదే, మందు కలిపేదీ అదే. పెరట్లో ఆ ముద్దను ముందు చూసేది ఎవరు? పొద్దున్నే గూడు దిగే కోడి. బ్రోమాడయోలోన్ రక్తం గడ్డకట్టకుండా చేసి కొన్ని రోజులకు గానీ చంపదు. ఈలోగా తూలుతూ పగటిపూట తిరిగే ఎలుకను కోడి పొడుస్తుంది, పిల్లి పడుతుంది, గుడ్లగూబ ఎత్తుకుపోతుంది. విషం చేతులు మారుతుంది. జింక్ ఫాస్ఫైడ్ ఇంకా కఠినం: కడుపులోని ఆమ్లం తగలగానే విషవాయువు పుడుతుంది, దానికి విరుగుడు లేదు. పసిపిల్లలు తిరిగే పెరట్లో, కోళ్లు కెలికే నేల మీద ఇవి రెండూ అనర్హాలని మా నిర్ణయం.

శంక: కోడే ఎలుకను తింటుందిగా?

సమాధానం: తింటుంది. పగలు ఎదురుపడిన చిట్టెలుకను కోడి పొడిచి, పరుగెత్తి, తోటి కోళ్లకు దక్కకుండా మింగడం చూసిన వాళ్లు దాన్ని సాధుజంతువు అనరు. కానీ ఎలుక ఉద్యోగం రాత్రిది, కోడి ఉద్యోగం పగటిది. హాజరు పట్టీలో ఇద్దరూ కలుసుకోవడం అరుదు.

శంక: ఎలుకలున్న చోటికి పాము వచ్చి వాటి పని చూస్తుందని పెద్దలంటారు?

సమాధానం: వస్తుంది. అదే భయం. జెర్రిపోతు వస్తే అదృష్టం, దానికి విషం లేదు. ఎలుక వాసన పట్టి నాగుపాము వస్తే అది ఎలుకతో ఆగదు. గుడ్డు కనబడితే గుడ్డు, పిల్ల కనబడితే పిల్ల. మసక చీకట్లో గుడ్ల బుట్టలో చెయ్యి పెట్టేది ఎవరో అవతారికలోనే చెప్పాం. గుప్పెడు గింజలు చిట్టెలుకను తెస్తాయి, చిట్టెలుక పామును తెస్తుంది. పాము వచ్చాక సభ మళ్లీ తీరుతుంది, అప్పుడు కూడా గిన్నె ఊసు రాదు. రాత్రి కాపలాకు రమ్మనదగిన వాళ్లు ఎవరైనా ఉంటే గుడ్లగూబ. వరిచేలలో దాని కోసం కర్రలు పాతి పక్షి స్థావరాలు కడతారు. ఇంటి మీద వాలితే మాత్రం అపశకునమని రాళ్లు విసురుతారు. ఎలుకలకు ఈ నమ్మకం అంటే చాలా గౌరవం.

శంక: నాలుగు గింజలకు ఇంత రాద్ధాంతమా? తింటే తిననీ.

సమాధానం: తిని పోతే బాధ లేదు. పోతూ పోతూ గిన్నెలో, నీళ్లలో, గడ్డిలో వదిలేవి వదులుతాయి. సాల్మొనెల్లా క్రిమి ఒక గూటి నుంచి ఇంకో గూటికి చిట్టెలుక పెంటికలతోనూ చేరుతుంది. ఎలుక మూత్రం కలిసిన తడి నేల మీద చెప్పుల్లేకుండా, కాలికి పుండుతో నడిస్తే లెప్టోస్పైరోసిస్ పట్టుకునే వీలుంది. అందుకే ఎండిన పెంటికలను చీపురుతో ఊడ్చి దుమ్ము లేపకూడదు. బ్లీచింగ్ నీళ్లు చల్లి, నాననిచ్చి, తుడిచి తీయాలి.

ప్రయోగ విధి

సాయంసంధ్యకు గంట ముందు, కోళ్లు అరగంటలో ఊడ్చి తినేంత మేత మాత్రమే వేయాలి. అవి దండెం ఎక్కగానే గిన్నె తీయాలి. చుట్టూ మూరెడు మేర ఊడ్చి, రాలింది ఎత్తాలి. మేతను గోనె సంచిలో వదలకుండా బిగుతు మూత ఉన్న రేకు డబ్బాలో పోయాలి. ప్లాస్టిక్ డబ్బా ఎలుక పంటికి ఆనదు. గుడ్లు వెలుగుండగానే తీయాలి. గూడును అడుగున్నర ఎత్తు కాళ్ల మీద నిలపాలి, కింద చీకటి మూల మిగలదు, చీపురూ దూరుతుంది. వారానికోసారి కట్టెల మోపు, గోనెలు కదపాలి. డబ్బున్న వారికి ప్రత్యామ్నాయం: కోడి పలక మీద నిలబడితే మూత తెరుచుకునే మేతపెట్టె. రెండు కిలోల కోడికి తెరుచుకుంటుంది, 20 గ్రాముల చిట్టెలుకకు తెరుచుకోదు.

మొదటి వారం ఎలుకలు మునుపటికంటే ఎక్కువగా కనబడతాయి. ఆకలికి అవి ధైర్యం చేసి తిరుగుతాయి. ఇక్కడే చాలామంది వ్రతభంగం చేస్తారు, ‘గిన్నె తీసినా లాభం లేదండీ’ అంటారు. నిజానికి బోనుకూ జాలీకీ ముహూర్తం ఇదే. చుట్టూ విందు ఉన్నప్పుడు బోనులో ఎండుచేప ముక్కను ఎలుక లెక్కచేయదు. విందు ఎత్తేశాక ఆ ముక్కే మృష్టాన్నం. బోనును గోడ వారగా, నోరు ఎలుక నడిచే దారికి ఎదురుగా పెట్టాలి, అవి నడిమధ్య నడవవు. తర్వాత కన్నం మూయాలి. కాబట్టి క్రమం ఇది: ముందు గిన్నె, తర్వాత బోను, ఆపైన సిమెంటు. లోకం దీన్ని తలకిందులుగా చదువుతోంది.

కర్మాచరణలో లోపం రాకుండా వృద్ధాచారం ఒకటి ఉంది. పక్క మీద వాలాక ఇలా సంకల్పం చెప్పుకోవాలి:

“ఏమండీ, గిన్నె తీశారా?”

“ఇందాకే తీశానే.”

“తీస్తే ఆ బరబర ఏంటండీ?”

“... వెళ్తున్నా.”

ఈ వంతు సరి తిథుల్లో ఒకరిది, బేసి తిథుల్లో ఒకరిది. అమావాస్య ఎవరిదన్న దానిపై మతభేదం ఉంది. ఇంటింటికీ స్మృతి వేరు.

ఛందోలంకారాలు

ఛందస్సు ఆటవెలది. యతులు కో–గు, రా–రం, మూ–ము, ఎ–యి. కారణాలన్నీ సమృద్ధిగా ఉండి కూడా కార్యం కలగకపోతే విశేషోక్తి. కన్నం మూశారు, పిల్లిని తెచ్చారు, ఎలుక పోలేదు. ఇంతకంటే శుద్ధమైన ఉదాహరణ అలంకార గ్రంథాల్లో కూడా దొరకడం కష్టం. ‘ఇల్లు పిలువ’ అన్న హేతువు ‘తప్పదేమి’ని సమర్థించడం వల్ల కావ్యలింగం కూడా. రసం పాఠకుడిని బట్టి మారుతుంది: పక్కింటికి హాస్యం, ఇంటికి భయానకం, ఊడ్చే వారికి బీభత్సం, ఊడ్చే వారిని చూస్తూ కూర్చున్న వారికి శాంతం.

తాత్పర్యం

ఎలుకల బాధ అనేది ఎలుకలు పెట్టేది కాదు. మిగిలిన మేత పెట్టేది. మేత ఉన్నంతకాలం కన్నాలు మూసినా, పిల్లిని మేపినా, మందు పోసినా ఖాళీ అయిన చోటుకు కొత్తవి వస్తాయి. ఇది అందరికీ తెలిసిన విషయమే. తెలిసీ చేయకపోవడానికి కారణం అజ్ఞానం కాదు. ఆ పనికి పేరు లేకపోవడం. పిల్లిని తెచ్చినవాడి పేరు ఇంట్లో చెప్పుకుంటారు, సిమెంటు పోసినవాడి పేరు చెప్పుకుంటారు. గిన్నె తీసినందుకు ఎవరినీ మెచ్చుకోరు, ఎందుకంటే దాని ఫలితం కనబడదు: రాని ఎలుక ఎవరికి కనబడుతుంది? కవయిత్రి ‘ఏల’ అని రెండుసార్లు అడిగింది ఎలుకను కాదు, అరుగు మీద సభను.

ఫలశ్రుతి

ఈ పద్యాన్ని త్రిసంధ్యలూ పఠించినందువల్ల ఒక్క ఎలుక కూడా పోదు. సాయంసంధ్యలో పఠనం మాని గిన్నె తీసినవారికి దాణా మిగులును, గుడ్లు నిలుచును, పాము భయము తొలగును. పుత్రుల చేత తీయించినవారికి పుత్రులు ప్రయోజకులగుదురు. భర్త చేత తీయించినవారికి ఇహమందే మోక్షము.

గద్య: ఇది శ్రీమత్కుక్కుటకులక్షేమంకరీ సమ్మార్జనీధారిణీ చరణసేవాపరాయణ, నిత్యసాయంకాలపాత్రోద్ధరణవ్రతదీక్షిత, మార్జాలవాదిమతఖండనపండిత, నామధేయరహిత వ్యాఖ్యాతృప్రణీతంబైన ‘ఎలుకబోను’ వ్యాఖ్యయందు సర్వంబు నేకాశ్వాసము. గిన్నె ఇంకా బయటే ఉన్నచో, చదువరులు ఈ పుట మూసి లేవవలెను.